ఆ పాపకు ‘వెరీ గుడ్’ చెప్పకూడదు!

ఐఈఎల్‌టీఎస్ రాసి వచ్చినవాళ్లలో ఎవరిని కదిపినా ఒకటే ఫిర్యాదు. ‘స్పీకింగ్‌లో ఎదురుగా కూర్చున్నాయన ముఖంలో ఏ భావమూ లేదు. బాగా చెప్పానో చెత్తగా చెప్పానో తెలిసి చావలేదు. పైగా మధ్యలో ఆపేశాడు!’ అని. ఆయన చెడ్డవాడేమీ కాదండీ. ఆ 11 నుంచి 14 నిమిషాల్లో ఏ మాట అనాలో, ఎప్పుడు ఆపాలో ముందే రాసి ఇచ్చి కూర్చోబెడతారు. నవ్వితే మీరు ధైర్యం తెచ్చుకుంటారు, మొహం చిట్లిస్తే నీరుగారిపోతారు. రెండూ మీ స్కోరును మార్చేస్తాయి. అందుకే రాయిలా ఉంటాడు.

నాకెలా తెలుసంటే, నేనూ అలాంటి కుర్చీలోనే కూర్చుంటాను. కాకపోతే నాది చాలా చిన్న కుర్చీ. కాలిఫోర్నియాలో ఒక ప్రభుత్వ బడిలో ఐదేళ్ల పిల్లలు కూర్చునే ప్లాస్టిక్ కుర్చీ. మోకాళ్లు గడ్డానికి తగులుతాయి. హెచ్-4 వీసా మీద వచ్చి, వర్క్ పర్మిట్ వచ్చాక బడిలో సహాయకురాలిగా చేరాను. ఆ తర్వాత పిల్లలకు ఇంగ్లిష్ పరీక్ష పెట్టే శిక్షణకు పంపారు. ఆ పరీక్ష పేరు ఎల్‌ప్యాక్. ఇంగ్లిష్ ఇంటిభాష కాని పిల్లలకు వినడం, మాట్లాడటం, చదవడం, రాయడం ఎంతవరకు వచ్చో కొలిచే పరీక్ష. ఈ రాష్ట్రంలో ‘ఇంగ్లిష్ నేర్చుకుంటున్నవారు’ అనే ముద్ర ఉన్న పిల్లలు దాదాపు పది లక్షల మంది. వాళ్లలో స్పానిష్ ఇళ్ల పిల్లలదే సింహభాగం. ఫ్రీమాంట్, శాన్ హోసే వైపు వస్తే మన తెలుగు పిల్లలూ బాగానే కనిపిస్తారు.

వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే సలహా

అసలు కథ బడిలో చేర్పించే రోజే మొదలవుతుంది. ఒక ఫారం ఇస్తారు, అందులో నాలుగు ప్రశ్నలు. పిల్లాడు మొదట మాట్లాడటం మొదలెట్టింది ఏ భాషలో? ఇంట్లో ఎక్కువగా ఏ భాష మాట్లాడతాడు? మీరు వాడితో ఏ భాష మాట్లాడతారు? ఇంట్లో పెద్దవాళ్లు మాట్లాడుకునేది ఏ భాష? మొదటి మూడింటిలో దేనికైనా ‘తెలుగు’ అని రాశారా, బడిలో చేరిన 30 రోజుల్లోపు పరీక్ష పెట్టాల్సిందే. తల్లిదండ్రులు వద్దన్నా ఆగదు, చట్టం అలా ఉంది.

ఇక్కడి మన గ్రూపుల్లో ఏటా ఆగస్టులో ఒక సలహా తిరుగుతుంది: ‘అన్నిటికీ ఇంగ్లిష్ అని రాసేయండి, గొడవ ఉండదు’. మావాడికి ఇంగ్లిష్ రాదనుకుంటారేమో, తక్కువ క్లాసులో పడేస్తారేమో అని భయం. హైదరాబాద్‌లో లక్షలు పోసి ఇంగ్లిష్ మీడియంలో చదివిస్తే ఇక్కడికొచ్చి ‘లెర్నర్’ అనిపించుకోవడం ఏంటని రోషం కూడా. ఆ రోషం నాకు అర్థమవుతుంది. సలహా మాత్రం నచ్చదు.

ఎందుకంటే ఈ ఫారం పిల్లల్ని పక్కన పెట్టడానికి పుట్టింది కాదు. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఇంగ్లిష్ రాని చైనా మూలాల పిల్లలు సుమారు 1,800 మంది ఏ అదనపు సాయమూ లేకుండా, అర్థంకాని పాఠాలు వింటూ కూర్చునేవారు. వాళ్ల తరఫున వేసిన దావా అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ‘లావ్ వర్సెస్ నికల్స్’ అంటారు, 1974లో తీర్పు వచ్చింది. అందరికీ ఒకే పుస్తకం, ఒకే టీచరు ఇచ్చేస్తే సమానత్వం అయిపోదు, భాష అర్థం కాని పిల్లలకు బడి ఏదో ఒక దారి చూపించాలి అన్నది దాని సారాంశం. సాయం చెయ్యాలంటే ఎవరికి కావాలో తెలియాలి కదా. ఆ తెలుసుకునే పనికే నాబోటివాళ్లు.

కొత్తగా చదవడం నేర్చుకున్నా

శిక్షణ అంటే ఇంగ్లిష్ వ్యాకరణం క్లాసులనుకుని వెళ్లాను. అవేమీ లేవు. జిల్లా నుంచి ఒకరు రాష్ట్రస్థాయి శిక్షణకు వెళ్లొచ్చి మాకు నేర్పుతారు. ముందు భద్రతా పత్రం మీద సంతకం. ప్రశ్నలు బయట చెప్పను, ఫొటో తియ్యను, ఇంటికి పట్టుకెళ్లను అని. (కాబట్టి కింద రాసే ఉదాహరణలన్నీ నేను అల్లినవే. అసలువి ఆశించకండి!)

తర్వాత ఒక పుస్తకం చేతికిచ్చారు. అందులో మేం పైకి అనాల్సిన మాటలు ముద్దక్షరాల్లో ఉంటాయి. వాటిని ఉన్నవి ఉన్నట్టు చదవాలి. ఒక మాట కలపకూడదు, ఒక మాట మింగకూడదు. వినడానికి ఎంత తేలికో, చెయ్యడానికి అంత కష్టం. టీచరన్నాక అర్థం కాకపోతే ఇంకోలా చెప్పడం రక్తంలో ఉంటుంది. పిల్లాడు బిక్కమొహం వేస్తే చాలు, నోటికి సాయం దానంతటదే వచ్చేస్తుంది. నా పక్కన కూర్చున్న టీచరమ్మ ఇరవయ్యేళ్ల సర్వీసు ఉన్న మనిషి. సాధన చేసేటప్పుడు ప్రతి జవాబుకీ ‘వెరీ గుడ్ స్వీటీ’ అనేసేది. ఆపమంటే నోరు మూసుకుని తల ఊపేది. అదీ కూడదన్నారు. సరైన జవాబుకు తల ఊపి, తప్పు జవాబుకు ఊపకపోతే పిల్లలు ఇట్టే పసిగట్టేస్తారట. నిజమే, పిల్లలకి మన మొహం చదవడం ఇంగ్లిష్ చదవడం కన్నా ముందే వస్తుంది.

ఆగడం కూడా నేర్పారు. ప్రశ్న అడిగి మౌనంగా ఉండాలి. ఆ కొద్ది సెకన్లు ఎంత పొడుగ్గా ఉంటాయో చెప్పలేను. ఎదుటి బిడ్డ తెలుగులో ఆలోచించి, ఇంగ్లిష్ మాట వెతుక్కుని, నోటిదాకా తెచ్చుకోవాలి. మనం తొందరపడి ‘ఓకే, నెక్స్ట్’ అన్నామంటే వాడికి వచ్చిన జవాబు నోట్లోనే ఉండిపోతుంది.

మార్కులేసే చెయ్యి

అసలు రగడ స్కోరు దగ్గర. ఐఈఎల్‌టీఎస్ మాట్లాడే పరీక్షను రికార్డు చేస్తారు, అనుమానమొస్తే మళ్లీ వినొచ్చు. మా దగ్గర పిల్లాడు చెబుతుండగానే వింటూ, అప్పటికప్పుడు అంకె వెయ్యాలి. అందుకే ఏటా పరీక్ష ముందు మమ్మల్ని తూకం సరిచూస్తారు. కాలిబ్రేషన్ అంటారు. కిరాణా కొట్టులో త్రాసును తనిఖీ చేసినట్టన్నమాట. నమూనా జవాబులు వినిపిస్తారు, మేం స్కోరు వేస్తాం, నిపుణులు వేసినదానితో పోల్చుకుంటాం.

ఒక బొమ్మల కథ చెప్పి, తిరిగి చెప్పమనే ప్రశ్న ఉంటుంది. సున్నా నుంచి నాలుగు దాకా వెయ్యొచ్చు. గాలిపటం చెట్టులో చిక్కుకున్న కథ అనుకోండి. ఒక పాప ‘బాయ్.. కైట్.. ట్రీ.. బాయ్ క్రై’ అని ఊరుకుంది. ఇంకో బాబు చక్కటి అమెరికన్ యాసలో గడగడా మాట్లాడాడు గానీ, చెప్పిందంతా వాళ్లింటి కుక్క గురించి. మూడో పిల్లాడు ‘బాయ్ కైట్ గో టు ద ట్రీ, హీ క్లైమ్ బట్ బ్రాంచ్ ఈజ్ బ్రేకింగ్, సో హిజ్ సిస్టర్ బ్రింగ్ ద ల్యాడర్’ అన్నాడు. ఎవరికి ఎక్కువ?

గదిలో చాలామంది చెవులు రెండోవాడి వైపు లాగుతాయి. యాస బాగుంటే ఇంగ్లిష్ బాగున్నట్టే అనిపిస్తుంది కదా. కానీ అడిగిన కథ అందులో లేనే లేదు. మూడోవాడు క్రియల్ని తిరగేసి బోర్లేసినా కథంతా వరసగా చెప్పాడు, వినేవాడికి అర్థమైంది. మా స్కోరు పట్టిక చూసేది ప్రధానంగా అదే. తప్పులున్నాయా అని కాదు, ఆ తప్పుల వల్ల అర్థం దెబ్బతిందా అని.

మన ఇంటర్ ప్రాక్టికల్స్‌ గుర్తున్నాయి కదా. అందరికీ చేతికొచ్చినట్టు మార్కులు పోస్తారు. అదొక జబ్బు. అందరికీ మధ్యలో రెండో మూడో వేసి చేతులు దులుపుకోవడం ఇంకో జబ్బు. మొదటి జవాబు బాగుందని మిగతావన్నీ బాగున్నట్టు వినపడటం మూడోది. అన్నింటికీ శాస్త్రంలో పేర్లున్నాయి, మందు మాత్రం ఒకటే: ప్రతి ప్రశ్నకూ పట్టిక మళ్లీ చూడటం. చిరాకే, కానీ వేరే దారి లేదు.

తెలుగు చెవితో వచ్చిన చిక్కు

నాకు ఇంకో చిక్కుంది. మన పిల్లల ఇంగ్లిష్ నాకు మరీ బాగా అర్థమవుతుంది! ‘టార్టాయిస్’ అన్నా, ‘వెజిటేబుల్’ అని సాగదీసి పలికినా నా చెవికి తప్పుగా తోచదు. పెన్సిల్ రాత చెరిపేది ‘రబ్బర్’ అంటే నాకు రబ్బరే. (అమెరికన్ టీచర్లకు ఆ మాట ఇంకోలా వినిపిస్తుంది, వదిలేద్దాం.) అందుకే స్కోరు వేసే ముందు నన్ను నేను ఒకటి అడుగుతాను: తెలుగు ముక్క రాని మనిషి ఇక్కడ కూర్చుంటే ఆమెకి అర్థమయ్యేదా? అయ్యేదైతే యాసకు ఒక్క మార్కూ కోయను. అవకపోతే నాకు అర్థమైనందుకు కలపను.

మన తల ఊపుడు కూడా ఒక సమస్యే. మా బడిలో ఒక టీచరు నన్ను పక్కకి పిలిచి అడిగింది, ‘ఈ పాప ప్రతిదానికీ కాదంటుందేంటి?’ అని. పాప అటూ ఇటూ తల ఆడిస్తోంది, అది మన ‘సరే’! ఏమైనా మాట్లాడే పరీక్షలో ఊపిన తలకు మార్కుల్లేవు, నోటితో ఇంగ్లిష్‌లో చెప్పాలి. కానీ ఆ టీచరుకు తెలిశాక పాపని చూసే తీరు మారింది.

ఇప్పుడు అసలు సంగతి. (గుర్తుపట్టకుండా వివరాలు మార్చాను.) కరీంనగర్ నుంచి వచ్చిన కుటుంబం. బాబుకి ఆరేళ్లు. పరీక్షకు ముందురోజు గేటు దగ్గర వాళ్లమ్మ నా చెయ్యి పట్టుకుంది. ‘మీరు మనోళ్లే కదక్కా. జర చూడుండ్రి. వానికి అన్నీ అస్తయ్, సిగ్గుతోటి మాట్లాడడు గంతే.’

ఏం చెప్పను? ‘చూస్తానమ్మా’ అన్నాను. చూడటమే నా పని, అబద్ధం కాదు.

బాబు వచ్చాడు. కూర్చోగానే అడక్కుండానే నెలల పేర్లు, ఒక రైమ్ అప్పజెప్పాడు. గొంతు కంగుమంటోంది. పరీక్ష మొదలైంది. బొమ్మ చూపించి ఏం జరుగుతోందని అడిగితే ‘డాగ్’ అన్నాడు. మరో ప్రశ్నకి ‘బాల్’. ఇంకోదానికి ‘ట్రీ’. పేర్లన్నీ వచ్చు. కుక్క ఏం చేస్తోంది, ఎందుకు పరుగెడుతోంది అంటే మాట లేదు. మన ఎల్‌కేజీల్లో ‘వాట్ ఈజ్ దిస్?’ అని వేలు పెట్టి చూపించడమే ఎక్కువ. ‘ఏమైందో చెప్పు’ అని అడిగేది తక్కువ. మధ్యలో వాడు తెలుగులో ‘కుక్క బంతి ఎత్కపోయింది’ అన్నాడు, నా వైపు ఆశగా చూసి. ఎంత చక్కటి వాక్యం! నాకు అర్థమైందని వాడికి తెలుసు. ఆ గదిలో నా మొహం కదలకుండా ఉంచడం కన్నా కష్టమైన పని నేనింతవరకు చెయ్యలేదు.

పట్టిక ఏం చెప్పిందో అదే వేశాను. రెండు అంకెలు పైకి జరిపితే ఎవరికీ తెలియకపోవచ్చు. కానీ ఒకవేళ బాబు అప్పుడే ‘ఇంగ్లిష్ వచ్చినవాడి’ జాబితాలో పడిపోతే, వాడికి రోజూ ప్రత్యేకంగా ఇంగ్లిష్ నేర్పే సమయం పోతుంది. క్లాసులో సిగ్గరి పిల్లాడిగా ఓ మూల మిగిలిపోతాడు. అలాగని తక్కువ వెయ్యడమూ మంచితనం కాదు. అనవసరంగా ఏళ్లకేళ్లు ఆ ముద్రతో ఉన్న పిల్లలు పెద్ద క్లాసులకొచ్చాక, చాలా బడుల్లో సంగీతమో చిత్రలేఖనమో వదులుకుని ఆ పీరియడ్‌లో మళ్లీ ఇంగ్లిష్ చదవాలి. పన్నెండేళ్ల పిల్లకి అదెంత నామోషీయో చెప్పక్కర్లేదు.

ఫలితం ఉత్తరం ఇంటికి వెళ్లాక వాళ్లమ్మ రెండు వారాలు నన్ను చూసి మొహం తిప్పుకుంది. తర్వాత ఒకరోజు తనే ఆగి, ‘ఇప్పుడేం చెయ్యాల్నక్కా?’ అంది. ఏటా ఫిబ్రవరి 1 నుంచి మే 31 లోపు మళ్లీ పరీక్ష ఉంటుందనీ, నాలుగు స్థాయిల్లో నాలుగోది వస్తే బయటపడే దారి తెరుచుకుంటుందనీ చెప్పాను. ఆ పరీక్ష ఒక్కటే సరిపోదు. టీచరు అభిప్రాయం, తల్లిదండ్రులతో సంప్రదింపు, చదువులో తోటిపిల్లలతో పోలిక, ఇవన్నీ చూస్తారు. ఇంట్లో ఏం చెయ్యమంటారని అడిగితే, తెలుగు మానెయ్యొద్దన్నాను. రోజూ బడిలో ఏం జరిగిందో తెలుగులోనే వరసగా కథలా చెప్పించుకోమన్నాను. వరస వచ్చినవాడికి మాటలు తర్వాత దొరుకుతాయని నా నమ్మకం.

మొన్నటి వసంతంలో వాడికి మూడో స్థాయి వచ్చింది. ఇంకో మెట్టుంది. ఈసారి వాడికి పరీక్ష పెట్టింది నేను కాదు, నేనే అడిగి వేరే ఆమెకు ఇప్పించాను. ఆమె వియత్నాం మూలాలున్న మనిషి. పరీక్ష అయ్యాక నా దగ్గరికొచ్చి, ‘వాడికి కుక్క కథ ఏదో చాలా ఉందే, ఆపడానికి కష్టపడ్డా’ అంది.