పుట్టగొడుగా? కుక్కగొడుగా?

నాలుగు ఉరుములు ఉరిమి వాన వెలిసిందంటే చాలు, మన హాస్టల్ ఆటస్థలంలో, చెట్ల మొదళ్ల దగ్గర తెల్లారేసరికి గొడుగులు మొలుస్తాయి. మనలో చాలామందిమి పల్లెల నుంచి వచ్చినవాళ్లమే. అమ్మ వండిన పుట్టగొడుగుల కూర రుచి మరచిపోలేం. మొన్నటి వానాకాలంలో ఆరో తరగతి తమ్ముళ్లు కొందరు గడ్డిలో మొలిచినవి కోసుకొచ్చి, "అన్నా, వండుకుందామా?" అన్నారు. ఇవి తినేవేనా అని అడిగితే, "తెల్లగానే ఉన్నాయి కదన్నా!" అన్నారు. ఆ మాటే మా చేత ఈ వ్యాసం రాయించింది.

పుట్టగొడుగు మొక్క కాదు, శిలీంధ్రం. పైకి కనిపించే గొడుగు చెట్టుకు కాయ లాంటిది. అసలు శరీరం సన్నని దారపు పోగుల్లా మట్టిలోనో, కర్రలోనో దాగి ఉంటుంది. గొడుగు కింది రేకుల నుంచి సిద్ధబీజాలు రాలుతాయి.

పుట్ట మీద మొలిచేవి: పేరులోనే గుర్తు ఉంది. చెదపురుగులు పుట్ట లోపల నమిలిన ఆకులు, పుల్లలతో గూడు కట్టి, దానిపై ఈ శిలీంధ్రాన్ని పెంచుతాయి. మెల్లగా తవ్వితే కాడ వేరులా సన్నబడుతూ లోపలి గూటి దాకా పోతుంది. గొడుగు నడిమధ్య సాధారణంగా మొనదేలి ఉంటుంది. మన పెద్దలు ఏరుకొచ్చేవి ముఖ్యంగా ఇవే.

గడ్డిలో మొలిచేవి: తెల్లటి గొడుగుపై గోధుమరంగు పొలుసులు, కాడకు ఉంగరం ఉంటే జాగ్రత్త. క్లోరోఫిల్లమ్ అనే విషజాతి ఇలాగే ఉంటుంది. లేతగా ఉన్నప్పుడు రేకులు తెల్లగా ఉండి, ముదిరాక ఆకుపచ్చ బూడిదరంగుకు తిరుగుతాయి. తిన్న కొద్ది గంటల్లోనే వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి.

చెట్ల దగ్గర మొలిచేవి: కాడ అడుగున మట్టిలో గిన్నెలాంటి తొడుగు, పైన ఉంగరం, తెల్లని రేకులు ఉన్నవి అమానిటా జాతివి కావచ్చు. వీటిలో కొన్ని ప్రాణాలు తీస్తాయి. పైపైన తుంచితే ఆ గిన్నె మట్టిలోనే ఉండిపోతుంది, గుర్తు దొరకదు.

చెట్టుకు అంటుకుని ఉండేవి: కొబ్బరి మొదట్లో వార్నిష్ పూసినట్టు మెరిసే ఎర్రటి గోధుమరంగు పెచ్చు కనిపిస్తే అది గానోడెర్మా. లోపల చెట్టు కుళ్లుతోందని అర్థం. పెచ్చు పీకేసినంత మాత్రాన జబ్బు పోదు. ఏ చెట్టు మొదట్లోనైనా ఇలాంటి పెచ్చులు కనిపిస్తే దాని కింద కూర్చుని చదవకండి. వార్డెన్ గారికి చెప్పండి. గాలివానకు పడిపోయే చెట్లలో ఇలాంటివి ఉంటాయి.

నమ్మకూడని పరీక్షలు: తెల్లనివి మంచివి, పురుగులు తిన్నవి మంచివి, చెట్టు మీదివి మంచివి, వెండి వేస్తే నల్లబడనివి మంచివి, పసుపు వేసి ఉడికిస్తే విషం పోతుంది అంటారు. ఇవన్నీ తప్పే. అమానిటా విషం ఉడికించినా, వేయించినా, ఎండబెట్టినా పోదు. తిన్న 6 గంటలు దాటాక గానీ వాంతులు మొదలుకావు. మరునాడు తగ్గినట్టే ఉంటుంది. ఆ తరువాత కాలేయం దెబ్బతింటుంది. 2022 ఏప్రిల్‌లో అస్సాంలో అడవి పుట్టగొడుగులు తిని పదిమందికి పైగా చనిపోయారు. వారిలో చాలామంది తేయాకు తోటల కూలీల కుటుంబాలవారు, అంటే మనలాంటివాళ్లే. కాబట్టి పుట్టగొడుగులు తిన్నాక వాంతులైతే, తగ్గాయి కదా అని ఊరుకోకుండా 108కి ఫోన్ చేయాలి. మిగిలిన ముక్కను డాక్టరుకు చూపించాలి.

ఆ రోజు తమ్ముళ్లు తెచ్చిన వాటిలో బాగా విచ్చుకున్న గొడుగును కాడ తీసి, తెల్లకాగితంపై రేకులు కిందికి వచ్చేలా పెట్టి, గిన్నె బోర్లించాం. తెల్లారి చూస్తే కాగితంపై ఆకుపచ్చ ముద్ర పడింది! తమ్ముళ్లే వాటిని గొయ్యి తీసి పూడ్చారు. అయితే ఈ ముద్ర విషజాతిని పట్టించగలదే గానీ, దీన్నిబట్టి ఏదీ తినదగినదని చెప్పలేం. లేత గులాబీ ముద్ర పుట్టమీదివాటికీ పడుతుంది, కొన్ని విషపువాటికీ పడుతుంది.

మన అమ్మమ్మలు రంగు చూసి ఏరలేదు. ఏ పుట్ట, ఏ కార్తె, కాడ ఎంత లోతు అన్నీ చూసి ఏరారు. ఆ చూపు వారి ఊరి పుట్టలకే సరిపోతుంది. సెలవులకు ఇంటికెళ్లినప్పుడు వాళ్ల వెంట వెళ్లి ఆ చూపు నేర్చుకుందాం. హాస్టల్ ఆవరణలో మొలిచినవాటిని మాత్రం చూసి ఆనందిద్దాం, తినొద్దు.