స్కూబా నేర్చుకుంటానంటున్నాడా? ముందు చెవి, ఊపిరి చూపించండి

‘‘డాక్టర్‌ గారూ! మావాడు స్కూబా డైవింగ్‌ నేర్చుకుంటాడట. సామాను ఆన్‌లైన్‌లో చూసి పెట్టుకున్నాడు. కొనివ్వమంటారా?’’ దాచేపల్లిలో మా ఓపీకి వచ్చిన ఓ తల్లి అడిగారు. పక్కన పదిహేనేళ్ల అబ్బాయి. జాబితాలో చేతిలో పట్టే చిన్న గాలి సిలిండర్‌ కూడా ఉంది. విశాఖ వెళ్లేలోపు ఊరి బయట నీళ్లు నిండిన క్వారీ గుంతలో సాధన చేస్తాడట! మొదట కొట్టేయించింది దాన్నే.

సిలిండర్‌లో ఉండేది ఒత్తిడితో నింపిన గాలి. నీటిలో దాన్ని పీల్చి, ఊపిరి బిగపట్టి పైకి వస్తే ఛాతీలోని గాలి వ్యాకోచిస్తుంది. నాలుగైదు అడుగుల లోతు నుంచి వచ్చినా ఊపిరితిత్తులు చిట్లి ప్రాణం మీదికి రావచ్చు. శిక్షకుడు లేకుండా దాన్ని వాడకూడదు.

ముందు పరీక్ష

పది మీటర్ల లోతులో ఒత్తిడి రెట్టింపవుతుంది. కర్ణభేరికి రంధ్రం, చెవిలో చీము, ఉబ్బసం, ఫిట్స్‌, గుండెజబ్బు ఉంటే డాక్టర్‌ అనుమతి లేకుండా దిగకూడదు. మిరప కళ్లాల సీజన్‌లో పిల్లికూతలు వచ్చినా దాచకుండా చెప్పండి. జలుబున్న రోజు డైవింగ్‌ మానుకోవాలి. ఈత తప్పనిసరి. సర్టిఫికెట్‌ కోర్సుల్లో సాధారణంగా 200 మీటర్లు ఆగకుండా ఈదడం, పది నిమిషాలు నీటిపై తేలడం పరీక్షిస్తారు.

కొనదగినవి

మాస్కు: ఖర్చు పెట్టాల్సింది దీనిపైనే. పట్టీ తగిలించకుండా ముఖానికి ఆనించి, ముక్కుతో మెల్లగా గాలి పీల్చమనండి. చేయి వదిలినా జారకపోతే సరిపోయినట్టే. సిలికాన్‌ అంచు, టెంపర్డ్‌ గ్లాసు ఉండాలి. కళ్లద్దాలు వాడేవారికి పవర్‌ ఉన్న మాస్కులు దొరుకుతాయి. ఈత కళ్లద్దాలు డైవింగ్‌కు పనికిరావు. వాటిలో ముక్కు బయటే ఉంటుంది కాబట్టి లోపలి ఒత్తిడిని సరిచేయలేం. కంట్లో రక్తనాళాలు చిట్లుతాయి.

స్నార్కెల్‌: సాదా రకం చాలు.

ఫిన్స్‌: పిల్లల పాదాలు పెరుగుతుంటాయి. వెనుక పట్టీని సర్దుకునే రకమైతే కొన్నేళ్లు వస్తాయి. బిగుతుగా ఉంటే పిక్కలు పట్టేస్తాయి.

అద్దెకు చాలు

సిలిండర్‌, రెగ్యులేటర్‌, తేలడానికి వాడే జాకెట్‌, వెట్‌సూట్‌ సాధారణంగా శిక్షణ కేంద్రమే ఇస్తుంది. ఫీజులో ఏమేం కలిసి ఉన్నాయో ముందే అడగండి. రెగ్యులేటర్‌కు ఏటా సర్వీసింగ్‌ అవసరం. కాబట్టి పాతది చౌకగా వచ్చిందని కొంటే రిపేరు ఖర్చే మోయలేనంత కావచ్చు. కేంద్రంలోనూ ‘సిలిండర్‌కు పీడన పరీక్ష ఎప్పుడు చేశారు? అత్యవసరానికి ఆక్సిజన్‌ ఉందా?’ అని అడగడానికి మొహమాట పడొద్దు.

నీటిలో మూడు సూత్రాలు

* ఊపిరి ఎప్పుడూ బిగపట్టొద్దు.
* చెవి నొప్పి మొదలయ్యే లోపే ముక్కు మూసి మెల్లగా ఊదాలి. అయినా నొప్పి తగ్గకపోతే పైకి రావాలి.
* నెమ్మదిగా పైకి రావాలి. అండమాన్‌ లాంటి చోట్ల డైవింగ్‌ చేస్తే, విమానం ఎక్కేందుకు కనీసం 18 గంటల విరామం ఇవ్వడం మంచిది. తర్వాత కీళ్లనొప్పులు, తిమ్మిర్లు, ఆయాసం వస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లి డైవింగ్‌ చేసిన సంగతి చెప్పాలి.

ఆ అబ్బాయి చెవిలో గుబిలి గట్టిపడి ఉంది. ఈఎన్‌టీ డాక్టర్‌ దగ్గరికి పంపాను. ఇప్పుడు ఈత నేర్చుకుంటున్నాడు. మాస్కు ఒక్కటే కొన్నారు. మిగతావి కోర్సులో చేరాకే చూస్తామన్నారు ఆ తల్లి.