పాత స్మార్ట్ ఉంగరం: చూడాల్సింది బ్యాటరీని

ఫిన్లాండ్ కంపెనీ ఔరా మూడో తరం స్మార్ట్ ఉంగరం 2021లో వచ్చింది. 2024 అక్టోబరులో నాలుగోది రావడంతో పాతదాని ధర దిగింది. మరి తీసుకోవచ్చా?

సెన్సర్ల వరకైతే బెంగ అక్కర్లేదు. ఉంగరం లోపలి ఎల్ఈడీలు చర్మంలోకి వెలుగు పంపుతాయి. గుండె కొట్టుకున్నప్పుడల్లా వేలిలోని రక్తనాళాలు ఉబ్బి ఇంకాస్త వెలుగును పీల్చుకుంటాయి. తిరిగొచ్చే వెలుగులోని ఆ హెచ్చుతగ్గులే నాడి లెక్క. కొత్తదానిలోనూ ఈ సూత్రమేమీ మారలేదు. పాతదానిలో సెన్సర్లు బుడిపెల్లా పైకి ఉంటాయి, కొత్తదానిలో వాటిని దాదాపు చదును చేశారు. ఉంగరం వేలిపై పక్కకు తిరిగినా కొత్తది నాడిని మెరుగ్గా పడుతుంది. సెన్సర్లలో ముఖ్యమైన తేడా ఇదే.

అసలు చిక్కు బ్యాటరీతో. దాని సామర్థ్యం ఇరవై మిల్లీ ఆంపియర్ అవర్ల చుట్టుపక్కల, ఈనాటి ఫోనుకు అయిదు వేలు మామూలు. లిథియం బ్యాటరీ వాడకపోయినా పాతబడుతుంది, లోపలి రసాయన చర్యలు ఆగవు. ఛార్జింగ్ పూర్తిగా అడుగంటిన స్థితిలో ఏళ్లతరబడి పడి ఉంటే మరీ చెడిపోతుంది. కాబట్టి 'సీలు తీయని పాత స్టాకు' అన్న మాటకు మురిసిపోనక్కర్లేదు. ఫోనుకైతే బ్యాటరీ మార్పిస్తాం. ఉంగరంలో అన్నిటినీ రెసిన్ పోసి బిగించేస్తారు, పగలగొట్టకుండా తెరవలేం.

వాడినది కొంటుంటే నిండా ఛార్జ్ చేసి ఒక రోజంతా పెట్టుకు చూడండి. వారం వస్తుందన్న ఉంగరం రోజుకు పదిహేను శాతం దాకా తగ్గడం సహజం. ముప్ఫై దాటితే వెనక్కిచ్చేయండి. నిద్రలో ఆక్సిజన్ కొలిచే సదుపాయం ఆన్‌లో ఉంటే కొంత ఎక్కువే తగ్గుతుంది, అది చూసుకోండి. పాత యజమాని తన ఖాతా నుంచి దాన్ని తొలగించాడో లేదో కూడా అడగాలి.

కొలతా ముఖ్యమే. ఇది టైటానియం, పైగా లోపలంతా సర్క్యూట్లు. కంసాలి దగ్గరికి తీసుకెళ్లి సాగదీయించుకోవడం కుదరదు.

ఇక నెలవారీ చందా. ఔరాకు నెలకు 5.99 డాలర్లు, మూడేళ్లకు 215 డాలర్ల పైమాటే. అది కట్టకపోతే రోజువారీ స్కోర్లు తప్ప పెద్దగా ఏమీ కనిపించవు. బెంగళూరు కంపెనీ అల్ట్రాహ్యూమన్ 2023లో తెచ్చిన రింగ్ ఎయిర్‌కు ఈ నెలవారీ బాదుడు లేదు.

నా మటుకు, కొత్తదాని ధరలో సగానికి మించితే పాతది దండగ. సగంలోపు దొరికి, నచ్చకపోతే తిరిగిచ్చే గడువు కూడా ఉంటే తీసుకోండి, రెండేళ్లు పనిచేస్తే చాలనుకుని.