భయం పోతేనే నమ్మకమైన కాపలా

* కుక్కపిల్లకు ధైర్యం నేర్పేది దెబ్బలు కాదు, ఓర్పు
* తొలి మూడు నెలలే కీలకం

వీధిలో పెళ్లి ఊరేగింపు వస్తుంది. డప్పుల మోత వినగానే ఆరు నెలల కుక్కపిల్ల మంచం కిందకు దూరి వణుకుతుంది. ‘ఇదేం కాపలా కుక్క’ అంటూ యజమాని గొలుసు పట్టి బయటకు లాగుతాడు. మరుక్షణమే అది చేయి కరుస్తుంది. చాలా ఇళ్లలో కథ అక్కడితో ముగుస్తుంది. మర్నాటికి ఆ మూగజీవి ఊరి పొలిమేరలో వీధికుక్కల పాలవుతుంది. నిజానికి అది పొగరుతో కరవలేదు. పారిపోయే దారి లేక, భయంతో కరిచింది. ఆ భయాన్ని పోగొట్టే మార్గాలున్నాయి. వాటికి పెద్దగా ఖర్చు కాదు, ఓర్పు మాత్రం కావాలి.

పునాది ఎప్పుడు?

మూడో వారం నుంచి సుమారు పన్నెండు, పద్నాలుగు వారాల వరకు కుక్కపిల్ల కొత్తవాటిని సులభంగా స్వీకరిస్తుంది. అమెరికా శాస్త్రవేత్తలు జాన్ పాల్ స్కాట్, జాన్ ఫుల్లర్ 1965లో వెలువరించిన గ్రంథంలో ఈ దశ ప్రాముఖ్యాన్ని వివరించారు. ఈ వయసులో పిల్లలు, వృద్ధులు, గొడుగు, ట్రాక్టరు, మిక్సీ చప్పుడు వంటివి పరిచయమైతే పెద్దయ్యాక వాటికి బెదరడం తగ్గుతుంది. గ్రామాల్లో నెల నిండకుండానే పిల్లను తల్లి నుంచి వేరు చేసి తెచ్చుకోవడం పరిపాటి. ఇది సరికాదు. ఎనిమిది వారాల వరకు తల్లి, తోబుట్టువుల వద్ద ఉంచాలి. ఆటలో ఎంత గట్టిగా పట్టాలో, ఎప్పుడు వదలాలో అక్కడే అలవడుతుంది.

టీకాలన్నీ పూర్తయ్యే వరకు వీధికుక్కలు తిరిగే చోట పిల్లను నేలపై వదలరాదు. పార్వో వ్యాధి సోకే ప్రమాదముంది. అలాగని ఇంట్లోనే బంధించనవసరం లేదు. ఎత్తుకుని సంతకో, బస్టాండు వద్దకో తీసుకెళ్లి దూరం నుంచి చూపితే చాలు.

గుర్తించేదెలా?

తోక కాళ్ల మధ్య ముడవడం, చెవులు వెనక్కి వాల్చడం, నిద్ర రాకున్నా ఆవులించడం, పదేపదే మూతి నాకడం భయానికి సంకేతాలు. ఇష్టమైన తిండినీ ముట్టడం లేదంటే భయపెట్టే వస్తువుకు మరీ దగ్గరగా ఉన్నదని అర్థం. వెంటనే నాలుగడుగులు వెనక్కి తీసుకెళ్లాలి.

ఏం చేయాలి?

* డప్పులు, టపాసుల శబ్దాన్ని సెల్‌ఫోన్లో అతి తక్కువ స్థాయిలో వినిపిస్తూ ఉడికించిన కోడిమాంసం ముక్కలు పెట్టాలి. అది నిశ్చింతగా తింటున్నంత వరకే, రోజుకు కొంచెం చొప్పున శబ్దం పెంచాలి.
* నేలపై పరిచిన గోనెసంచి, టార్పాలిన్, ఎత్తు తక్కువ చెక్కబల్ల మీద నడిపించాలి. లాగరాదు, నెట్టరాదు. తనంతట తాను అడుగు వేసినప్పుడు మెచ్చుకుని తినిపించాలి.
* పాత గుడ్డల మడతల్లో, కొబ్బరి చిప్పల కింద తిండి ముక్కలు దాచి వెతికించాలి. సొంతంగా సాధించిన ప్రతిసారీ దాని ధైర్యం పెరుగుతుంది. పోలీసు జాగిలాలకూ వాసన పట్టే విద్యను ఆటలాగే నేర్పుతారు.
* ‘రా’, ‘కూర్చో’, ‘ఆగు’ అనే మాటలను అయిదేసి నిమిషాల చొప్పున రోజుకు రెండు మూడుసార్లు నేర్పాలి. ఇంటిల్లిపాదీ ఒకే మాట వాడాలి.

ఈ పొరపాట్లు వద్దు

భయపడిన కుక్కను దగ్గరకు తీస్తే భయం మరింత పెరుగుతుందన్నది అపోహ మాత్రమే. పక్కన కూర్చుని మెల్లగా నిమిరితే కొన్ని కుక్కలు త్వరగా కుదుటపడతాయి. అది దాక్కున్న చోటి నుంచి మాత్రం బలవంతంగా లాగకూడదు. కొట్టి నేర్పితే భయం రెట్టింపవుతుంది. పగలంతా గొలుసుకు కట్టేయడమూ మంచిది కాదు. పక్కకు తప్పుకునే వీలు లేని కుక్కే ముందు పళ్లు చూపుతుంది.

దీపావళి నాడు చీకటి పడకముందే తిప్పుకొచ్చి, తలుపులు మూసి లోపలి గదిలో ఉంచాలి. మెడపట్టీపై యజమాని ఫోన్ నంబరు రాయిస్తే తప్పిపోయినా ఇల్లు చేరే అవకాశముంటుంది.

మూడు నెలల వయసులో రేబిస్ టీకా వేయించి, పశువైద్యులు సూచించిన గడువుల్లో మళ్లీ వేయించాలి. ఒకవేళ కరిస్తే గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీటితో పదిహేను నిమిషాలు కడిగి, ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి. ఇంటి కుక్కే కదా అని ఉపేక్షించరాదు.

వారాలు గడిచినా బెదురు తగ్గకుంటే నొప్పి, చూపు లేదా వినికిడి లోపం కారణం కావచ్చు. అలాంటప్పుడు పశువైద్యశాలలో చూపించాలి. కాపలా అంటే కనబడిన వారినల్లా కరవడం కాదు. చప్పుడెక్కడిదో తెలుసుకుని, అవసరమైతేనే మొరిగే నిబ్బరమే అసలైన కాపలా. పొలిమేరలో వదిలేసే ముందు ఆ అవకాశం దానికి ఇచ్చామా అని ప్రతి యజమానీ ఆలోచించాలి.