మీ మానిటర్‌కి సెకనుకు ఎన్ని బిట్లు కావాలి?

కొత్త 4కె మానిటర్ తెచ్చి పాత కంప్యూటర్‌కి తగిలించాను. బొమ్మ తళతళలాడుతోంది కానీ మౌస్ బాణం మాత్రం తెర మీద ఆగి ఆగి నడుస్తోంది. మానిటరే చెడిందనుకుని మళ్లీ డబ్బాలో సర్దబోయాను. సెట్టింగ్స్ చూస్తే 30 హెర్ట్జ్ అని ఉంది. నా గ్రాఫిక్స్ కార్డుది హెచ్‌డీఎంఐ 1.4. కేబుల్ చక్కగానే దూరింది, సరిపడా బిట్లు మాత్రం దూరలేదు.

లెక్క కట్టి చూద్దాం. 4కె తెరలో అడ్డంగా 3,840, నిలువుగా 2,160, మొత్తం 82,94,400 చుక్కలు. ఒక్కో చుక్క రంగుకి 24 బిట్లు. తెర సెకనుకు 60 సార్లు (60 హెర్ట్జ్) మారాలంటే 1,194 కోట్ల బిట్లు, అంటే దాదాపు 12 గిగాబిట్లు కావాలి. హెచ్‌డీఎంఐ 1.4 సామర్థ్యం 10.2 గిగాబిట్లు. పైగా 8 బిట్ల సమాచారాన్ని 10 బిట్లుగా మార్చి పంపుతుంది కాబట్టి బొమ్మకు మిగిలేది 8.16 మాత్రమే. అందుకే 30 దగ్గర ఆగింది.

2013లో వచ్చిన హెచ్‌డీఎంఐ 2.0 సామర్థ్యం 18, బొమ్మకు దక్కేది 14.4. 4కె 60కి ఇది చాలు. ఇప్పుడు ఆటలాడే కుర్రాళ్లు ఇష్టపడే 2,560 × 1,440 తెర తీసుకోండి. 165 హెర్ట్జ్‌కి 14.6 గిగాబిట్లు కావాలి. తేడా చిన్నదే, అయినా పట్టదు. అలాంటి చాలా మానిటర్లు హెచ్‌డీఎంఐ మీద 144 దగ్గరే ఆగి, డిస్‌ప్లే పోర్ట్ అనే మరో కనెక్టర్ మీద 165 చూపిస్తాయి. డబ్బులు పోసి కొన్న 21 హెర్ట్జ్ కేబుల్ మార్చకపోవడం వల్ల పోతే బాధే కదా!

4కె 144 అయితే 28.7 గిగాబిట్లు. 2016 నాటి డిస్‌ప్లే పోర్ట్ 1.4 బొమ్మకు ఇచ్చేది 25.92. అక్కడ డీఎస్‌సీ అనే కుదింపు ఆదుకుంటుంది. కార్డులోనూ మానిటర్‌లోనూ అది ఉండాలి. ఉంటే తేడా కంటికి దాదాపు తెలియదు, కాబట్టి దాని పేరు చూసి భయపడక్కర్లేదు. 48 గిగాబిట్ల హెచ్‌డీఎంఐ 2.1కి ఆ కుదింపు అవసరమే లేదు. అయితే డబ్బా మీద 2.1 అని ఉన్నంత మాత్రాన 48 వస్తుందని నమ్మకండి. 18 గిగాబిట్ల పరికరాలకూ ఆ పేరు పెట్టుకునే వీలుంది. మానిటర్ వివరాల్లో ఏ రిజల్యూషన్‌కి ఎన్ని హెర్ట్జ్ అన్న వరుస వెతికి చదవండి.

పోర్టుల సంఖ్య కూడా లెక్కపెట్టుకోవాలి. చాలా కార్డులకు మూడు డిస్‌ప్లే పోర్ట్‌లు, ఒక హెచ్‌డీఎంఐ ఉంటాయి. ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ కార్డుకి మొత్తం రెండే. మూడు తెరలు కావాలనుకునేవాళ్లు దాని జోలికి వెళ్లకపోవడం మంచిది.

కార్డు, మానిటర్ పోర్టులు వేరువేరైతే వాడే కన్వర్టర్‌కి ఒక దిశ ఉంటుందని చాలామందికి తెలియదు. కార్డువైపు డిస్‌ప్లే పోర్ట్, మానిటర్‌వైపు హెచ్‌డీఎంఐ అయితే మామూలు కేబుల్ చాలు. అదే కేబుల్‌ని తిప్పి పెడితే తెర నల్లగానే ఉంటుంది. హెచ్‌డీఎంఐ కార్డు నుంచి డిస్‌ప్లే పోర్ట్ మానిటర్‌కి వెళ్లాలంటే లోపల చిప్ ఉన్న కన్వర్టర్ కావాలి, చాలా వాటికి యూఎస్‌బీ నుంచి కరెంటు కూడా ఇవ్వాలి.