సర్పి టీకా: రెండవ సూది మానవద్దు

సంఘాల తనిఖీకి వెళ్లినప్పుడు, సర్పి టీకా వేయించుకున్న సభ్యులు కొందరు "మొదటి సూదికే జ్వరం వచ్చింది, ఇక రెండవది వద్దు" అంటున్నారు. మేమూ యాభై దాటినవారమే కనుక, తెలిసిన నాలుగు మాటలు మనవి చేస్తున్నాము.

చిన్నప్పుడు వచ్చిన ఆటలమ్మ వైరస్ నరాల మొదళ్లలో దాగి ఉంటుంది. వయసు పైబడి ఒంట్లో శక్తి తగ్గినప్పుడు అదే సర్పిగా లేస్తుంది. పొక్కులు మాడినా కొందరికి మంట, పోటు నెలల తరబడి విడువవు.

ఈ రెండు సూదుల టీకాలో బ్రతికున్న వైరస్ లేదు. కనుక టీకా వల్ల సర్పి రాదు. 50 ఏళ్లు దాటినవారికి ఇది తగినది. చక్కెర వ్యాధి ఉన్నవారు, లోగడ సర్పి వచ్చి తగ్గినవారు కూడా డాక్టరును అడిగి వేయించుకోవచ్చు. సర్పి లేచి ఉన్నప్పుడు, తీవ్రమైన జ్వరం ఉన్నప్పుడు ఆగాలి. టీకా మందు తీవ్రంగా పడనివారు వేయించుకోరాదు.

సూది చోట నొప్పి, వాపు, ఒళ్లు నొప్పులు, తలనొప్పి, జ్వరం సాధారణమే. రెండు మూడు రోజుల్లో తగ్గుతాయి. చేయి నొప్పితో పాలు పితకడం కష్టం గనుక ఆ రోజులకు ఇంట్లో మరొకరిని ముందే అనుకోవాలి. ముఖం వాచినా, ఊపిరి ఆడకపోయినా, కాళ్లుచేతులు పట్టు తప్పినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ఇవి బహు అరుదు.

రెండవ సూది 2 నుండి 6 నెలల లోపు వేయించాలి. 2015లో వెలువడిన పరిశోధనలో 50 దాటినవారికి నూటికి 97 వంతుల రక్షణ కనబడింది రెండు సూదులతోనే. ఖర్చు ఎక్కువైన ఈ టీకాను సగంలో ఆపి నష్టపోవద్దని సభ్యులకు మా మనవి.