విభూది అందరికీ, సత్ప్రసాదం కొందరికి

కాన్వెంటులో పనిచేస్తున్నానంటే మా చుట్టాలు రెండే ప్రశ్నలు అడిగేవారు. ‘పిల్లల్ని మతంలో కలిపేసుకుంటారటగా?’ అనేది ఒకటి. ‘మా చిన్నదానికి సీటు ఇప్పిస్తావా?’ అనేది రెండోది. చాలాసార్లు రెండూ అడిగేది ఒకే మనిషి, ఒకే పూట.

గుంటూరు జిల్లాలో సిస్టర్లు నడిపే ఓ బడిలో తెలుగు చెప్పి రిటైరయ్యాను. మా ఇల్లు రామాలయం వీధిలో. ఈ వైపు కతోలిక బళ్లు కొత్తవేం కావు. హాలండు నుంచి జె.ఎమ్.జె. సిస్టర్లు గుంటూరులో దిగింది 1904లో. అంతకు ముందే మిల్‌హిల్ సభ మిషనరీ ఫాదర్లు పల్లెల్లో తిరుగుతూ తమ గుడి ఉన్నచోటల్లా బడి పెట్టించారు. ‘ఆర్.సి.ఎమ్. ఎలిమెంటరీ స్కూలు’ అనే బోర్డులు ఇప్పటికీ ఊళ్లలో కనిపిస్తాయి.

మా బడిలో కతోలిక పిల్లలు తక్కువే, తతిమ్మా వాళ్లే ఎక్కువ. వారంలో ఒక పీరియడు క్లాసు రెండుగా చీలేది. కతోలిక పిల్లలు సిస్టరుతో చాపెల్ వరండాలోకి జ్ఞానోపదేశానికి, మిగతావాళ్లు నా దగ్గర నీతిబోధకు. ఇది సిస్టర్ల ఔదార్యం అనుకోనక్కర్లేదు. రాజ్యాంగం 30వ అధికరణం మైనారిటీలకు బడి పెట్టుకునే హక్కు ఇస్తే, 28(3) దానికో హద్దు గీసింది. ప్రభుత్వ గుర్తింపో సాయమో ఉన్న బడిలో, పెద్దవాళ్ల సమ్మతి లేకుండా ఏ పిల్లనీ మతబోధలో కూర్చోబెట్టకూడదు. నేను వేమన పద్యాలు, పంచతంత్రం చెబుతుంటే వరండాలోంచి కొన్ని చెవులు ఇటే ఉండేవి. సిస్టరు నవ్వి ఊరుకునేది.

ఆ చీలిక చెరిగిపోయే రోజు ఒకటుంది, విభూది బుధవారం. తపస్కాలం అనే నలభై రోజుల ఉపవాస కాలం దానితోనే మొదలవుతుంది. ఫిబ్రవరిలోనో మార్చి మొదట్లోనో వస్తుంది. దానికి వారం ముందు నుంచీ పిల్లలు పుస్తకాల సంచుల్లో ఎండుమట్టలు పెట్టుకొచ్చేవారు. కిందటేడు మట్టల ఆదివారం గుడిలో ఆశీర్వదించి ఇచ్చిన ఆకులవి. ఏడాదంతా ఇంట్లో గోడకున్న పటం వెనక గుచ్చి ఉంచుతారు. వాటిని పారేయరు, తొక్కరు. బడి వెనక పెనంమీద వేసి కాలుస్తారు. ఆ బూడిదను జల్లెడపట్టే పని కోసం తొమ్మిదో తరగతి ఆడపిల్లల్లో పోటీ ఉండేది.

ఆ బుధవారం పొద్దున ఫాదరుగారు వచ్చి ఒక్కొక్కరి నుదుటిమీద ఆ బూడిదతో సిలువ గీస్తారు. మనిషి మట్టిలోంచి వచ్చాడు, మట్టికే పోతాడని గుర్తుచేస్తూ రాసే గుర్తు అది. మాది శైవం కలిసిన కొంప కాబట్టి విభూది నాకేం కొత్త కాదు, సిలువ ఆకారమే కొత్త. మొదట్లో ఓ ఏడాది ఆరో తరగతి పిల్ల నా కొంగు లాగింది. “టీచర్, మేమూ పెట్టించుకోవచ్చా? వాళ్లకేనా?” నాకు తెలియక సిస్టరును అడిగాను. “బూడిదకి మతమేంటి టీచర్‌గారూ, ఇంట్లో ఏమీ అనుకోరంటే రమ్మనండి” అంది. ఆ పిల్ల వెళ్లింది. ఆమె వెనక సగం క్లాసు వెళ్లింది.

పూజలో ఇచ్చే దివ్యసత్ప్రసాదం సంగతి అట్లా కాదు. ఆ చిన్న తెల్లటి అప్పం క్రీస్తు శరీరమేనని వాళ్ల విశ్వాసం. జ్ఞానస్నానం పొంది, ఉపదేశం నేర్చుకున్నవాళ్లకే అది ఇస్తారు. కతోలిక పిల్లలకు కూడా మొదటిసారి తీసుకోవడానికి నెలల తరబడి తర్ఫీదు ఉంటుంది. ఆ రోజు తెల్లగౌన్లు వేసుకుని, పెళ్లికూతుళ్లలా నడుస్తారు. మిగతా పిల్లలు పాటలు పాడతారు, పూలు జల్లుతారు, వరుసలోకి మాత్రం రారు. ఎవరూ అడ్డుకోగా నేను చూడలేదు. ఏ తలుపు తీసి ఉందో, ఏది మూసి ఉందో పిల్లలకు తెలుసు. పెద్దవాళ్లే కంగారు పడతారు.

తపస్కాలంలో శుక్రవారాలు మాంసం మానాలి. హాస్టలు పిల్లలు ముక్క చూసేదే ఆదివారం. వాళ్లకు ఈ నియమం ఎవరు పెట్టారో గానీ, ఆ శుక్రవారం సాంబారు తాగుతూ త్యాగం చేస్తున్నట్టు మొహాలు పెట్టేవారు.

ఇంకో సంగతి బడి గోడల మీద కనిపించదు, రిజిస్టర్లలో కనిపిస్తుంది. చాలామంది పిల్లలకు రెండు పేర్లు. గుడి పుస్తకంలో జోజప్ప, బడి రిజిస్టరులో వెంకటేశ్వర్లు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం దళితులు క్రైస్తవులైతే ఎస్సీ హోదా ఉండదు. ఆంధ్రలో వాళ్లను బీసీ-సిలో చేర్చారు, రిజర్వేషను 1 శాతం. అందుకే ఇంట్లో జపమాల, సర్టిఫికెట్టులో హిందువు. నేను హాజరు ఒక పేరుతో పిలిచేదాన్ని, చాపెల్లో సిస్టరు ఇంకో పేరుతో పిలిచేది. పిల్లవాడు రెండింటికీ పలికేవాడు. మతం మారితే కులం పోయిందా అంటే, అదీ లేదు. దళితుల్లోంచి ఒకరు కార్డినల్ కావడానికి 2022 ఆగస్టు దాకా పట్టింది. ఆయన మన కర్నూలు జిల్లాలో పుట్టిన పూల ఆంథోని గారు.

విజయవాడ గుణదలలో మరియమాత ఉత్సవాలు ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో. ఆ మూడు రోజులు మా బడిలో హాజరు పల్చబడేది. కొండమీద మరియమాతకు కొబ్బరికాయ కొట్టేవాళ్లలో, తలనీలాలు ఇచ్చేవాళ్లలో హిందువులెందరో. నా సహోద్యోగులే వెళ్లేవారు. ఆ క్షేత్రం కూడా ఓ బడి పుణ్యమే. 1924లో అక్కడి అనాథ పిల్లల ఆశ్రమం చూసుకునే ఫాదర్ అర్లాటి కొండలో మరియమాత స్వరూపం పెట్టించారు.

నన్ను ఇప్పుడు ఎవరైనా మతమార్పిడి గురించి అడిగితే, అడగాల్సింది ఫీజు గురించి అంటాను. ఇంగ్లీషు మీడియం వచ్చింది, ఐఐటీ ఫౌండేషను వచ్చింది, వాటితోపాటే ఫీజులూ పెరిగాయి. పల్లెల్లోని తెలుగు మీడియం బళ్లేమో ఎయిడెడ్ పోస్టులు పోయి నీరసించాయి. కూలికెళ్లే జోజప్ప కొడుకు ఇప్పుడు సర్కారు బడిలో చదువుతున్నాడు. మా బడిలో విభూది వరుస ఇంకా గేటు దాకా ఉంటోందట. జ్ఞానోపదేశానికి మాత్రం ఇప్పుడు వరండా అక్కర్లేదట, ఒక్క బెంచీ చాలుతోందని మొన్న సిస్టరు ఫోనులో చెప్పింది.